మేనమామ వరస

ఫినాయిల్ నీళ్లు కాలవలోకి నెట్టేసి లక్ష్మీదుర్గ చీపురు గోడకి ఆనించింది. చీర మడమల దాకా తడిసింది. వేళ్ల సందులు ఫినాయిల్‌కి పగిలిపోయాయి. గుడివాడ శివార్లలో, జయప్రకాష్ గారి కుక్కల షెడ్డులో ఆమె పని ఇదే: కడగడం, వండటం, మళ్లీ కడగడం.

చివరి గదిలో లాబ్రడార్ కుక్కపిల్ల గోనెపట్టా మీద పాకుతూ గుమ్మం దాకా వచ్చింది. దాని వెనక కాళ్లు కప్ప కాళ్లలా పక్కలకి పోతాయి. టైల్స్ మీద జారిపోతోందని పట్టా పరిచింది ఆమే.

"ఆగరా నాయనా, వస్తున్నా కదా! అంత తొందరేంట్రా నీకు?" అని ఒళ్లోకి తీసుకుని పెరుగన్నం పెట్టింది.

కూతురు రోజాకీ ఇలాగే గోనెపట్టా పరిచేది. ఆ పిల్ల నడవకుండానే పోయింది. గ్రహణం నాడు కడుపుతో ఉండి కత్తిపీట ముట్టావని అత్తగారు అన్న మాటని లక్ష్మీదుర్గ ఇన్నేళ్లూ మోసింది. అత్తగారంటే పరాయిదా? సొంత అమ్మమ్మే!

ఇంతలో పశువుల డాక్టరు సతీష్ గారు జయప్రకాష్‌తో కలిసి వచ్చి కుక్కపిల్ల నడుము నొక్కి చూశారు. అది కుయ్యిమంది.

"దీని తల్లీ తండ్రీ ఒకే ఈతలో పుట్టినవా అండీ?"

"కాదండీ. తండ్రి దాని తల్లికి మేనమామ," నవ్వాడు జయప్రకాష్. "వరసైనవాడే కదా! బయటి కుక్కని తెస్తే జాతి లైను చెడిపోద్ది."

"వరస మనకండీ. రక్తం ఒకటే కదా. ఇద్దరిలో దాగున్న లోపం పిల్లలో బయటపడింది. ఈ జత మళ్లీ కట్టించకండి."

లక్ష్మీదుర్గ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమెనీ మేనమామకే ఇచ్చారు. ముహూర్తం చూశారు, వరస చూశారు. ఇంకేం చూడాలో ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? పాపం, ఆ కత్తిపీటనా ఇన్నాళ్లూ తిట్టుకుంది! ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

"ఈ బుజ్జిగాణ్ణి నాకిచ్చేయండి సార్. నేను సాక్కుంటాను."

"భలేదానివే దుర్గా! దీన్నెత్తుకుని నువ్వు ఊళ్లో తిరిగితే మన షెడ్డు పేరేం కావాలి? కానివ్వండి డాక్టర్ గారూ."

"నొప్పికి మందులిస్తే కొన్నాళ్లు బతుకుతుందండీ..." అన్నారు డాక్టరు. జయప్రకాష్ తల అడ్డంగా ఊపాడు. డాక్టరు బ్యాగు తెరిచారు.

ఆమె ఒళ్లో ఉండగానే దానికి సూది వేశారు. కుక్కపిల్ల పెరుగంటిన వేళ్లు నాకుతూ నాకుతూ ఆపేసింది.

డాక్టరు బండి గేటు దాటగానే పక్క గదిలోని తల్లి కుక్క వైపు చూశాడు జయప్రకాష్.

"వచ్చే నెల ఎదకొస్తుంది. మామ దగ్గరే వదులు."

"అలాగేనండీ," అంది. ఇంకేమంటుంది?

కుక్కపిల్లని షెడ్డు వెనక పాతిపెట్టి వచ్చి గది మళ్లీ కడిగింది. గోనెపట్టా మాత్రం కడగలేదు. గుమ్మం వైపు చివర, దాని గోళ్లకి పోగులు లేచిపోయి, పట్టా పల్చబడి ఉంది.