తొమ్మిదో కార్డు

"సబ్బు నీళ్లలో నానబెట్టింది ఎవరు?" అని అత్తగారు స్నానాలగది గుమ్మంలో నిలబడి అడిగేసరికి కోడలు జడ అల్లుకుంటోంది. సబ్బుపెట్టెలో నీళ్లు వంపకుండా వదిలేయడంతో సబ్బు అడుగంతా జావైపోయింది.

"ఇంకెవరు, యువరాణిగారే," అన్నాడు భర్త పేపరు దించకుండా.

"నేను కాదు," అంది పదమూడేళ్ల కూతురు.

"నువ్వు కాకపోతే, దానికి కాళ్లొచ్చి అదే వెళ్లి మునిగిందా?"

కూతురు మూతి ముడుచుకుని, బడిసంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. చివర స్నానం చేసింది తల్లే. ఆ మాట చెప్పడానికి జడ కొసకి రబ్బరుబ్యాండు వేసుకునేంత వ్యవధి ఉంది. రబ్బరుబ్యాండు వేసుకుంది. క్యారేజీ తీసుకుని పనికి బయల్దేరింది.

ఆమె పనిచేసేది బొమ్మ విమానాల విడిభాగాలు అమ్మే కొట్లో. వెనకగదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. బల్లకి బిగించిన చెక్కదిమ్మకి కోడిగుడ్డంత మోటారును నాలుగు మరలతో బిగిస్తుంది. దాని ఇరుసుకి ప్రొపెల్లర్ తొడుగుతుంది. పక్కకి జరిగి, బ్యాటరీ కలిపి, అరనిమిషం పూర్తి వేగంతో తిప్పుతుంది. మీటరు మీద కరెంటు ఎంత లాగుతోందో చూస్తుంది. ఆపాక మోటారు మీద చూపుడువేలు ఆనించి అయిదు అంకెలు లెక్కపెడుతుంది. అయిదు దాకా వేలు ఉంచగలిగితే ఆ ప్రొపెల్లర్ ఆ మోటారుకి సరిపోయినట్టు. మూడుకే తీయాల్సివస్తే అది మోయలేని బరువు. ఇంకాస్త పొట్టిది తొడగాలి. పద్నాలుగేళ్లలో ఆ వేలి కొస నున్నబడిపోయింది.

సరిపోయిన జతను కార్డు మీద గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. కార్డులు ముందుగదిలో మేకులకి వేలాడుతుంటాయి. "లెక్కలక్క కార్డు రాసిందంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు," అంటాడు యజమాని వచ్చినవాళ్లతో. ఆ మాట గోడ అవతలినుంచి వినబడినప్పుడల్లా ఒకప్పుడు ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చేది. ఈ నాలుగు నెలలుగా రావడం లేదు.

నాలుగు నెలల కిందట ఒకరోజు, వరసలో అది తొమ్మిదో మోటారు. పొద్దుటినుంచి ఎనిమిదింటిని తిప్పిన బ్యాటరీ నీరసించిపోయింది. మళ్లీ నిండాలంటే ముప్పావుగంట ఆగాలి. ఆమెకి ఆకలిగా ఉంది. ఆ బ్యాటరీతోనే పది అంగుళాల ప్రొపెల్లర్ తిప్పింది. మీటరు హద్దు దాటలేదు, వేలు కాలలేదు. కార్డు రాసేసి క్యారేజీ విప్పుకుంది. బ్యాటరీలో బలం లేకనే మీటరు అంత బుద్ధిగా ఉందని అప్పుడు తోచలేదు.

ఆ మోటారు కొన్నది వాచీలు బాగుచేసే బాబాయిగారు. వారం తిరక్కుండా దాన్ని రుమాలులో చుట్టి తెచ్చాడు. లోపలి తీగలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. విమానం గాల్లో ఉండగానే ఆగిపోయి నేలకి కొట్టుకుందట.

"రిమోటు మీద వేగం మీటను చివరిదాకా నెట్టేసి అలాగే ఉంచారేమో," అంది ఆమె.

"అంతేనేమో తల్లీ. నా బొటనవేలు నా మాట వినడం లేదు," అన్నాడాయన.

ఆయన వెళ్లాక నోటుపుస్తకం తీసింది. ప్రతి పరీక్షకీ ముందు బ్యాటరీ బలం రాయడం ఆమె అలవాటు. తొమ్మిదో వరసలో ఆ తక్కువ అంకె కళ్లెదురుగానే ఉంది. పాత కార్డు చింపేసి, ఎనిమిది అంగుళాల ప్రొపెల్లర్‌తో కొత్తది రాసి అదే మేకుకి తగిలించింది. ఆ రకం మోటారు కొన్నది ఆయనొక్కడే. కార్డు మారిందని ఎవరూ గమనించలేదు. ఆయనకి చెప్పాలనుకుంది. ఒక వారం గడిచింది, ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది.

ఈరోజు మధ్యాహ్నం ఆయన అట్టపెట్టె పట్టుకుని నేరుగా వెనకగదిలోకే వచ్చాడు. అందులో అతుకులు వేసిన విమానం, విడిగా చక్రాలు.

"ఎవరికైనా పనికొస్తాయేమో చూడమ్మా. రేపు ఏడింటి బస్సుకి మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నా. కొట్టు ఎత్తేశా."

"అదేంటి బాబాయిగారూ, ఉన్నట్టుండి?"

"ఉన్నట్టుండి కాదులే. మోటారు మాడ్చుకున్న రోజే అనుకున్నా. వేలు ఎంత నెట్టిందో తెలియనివాడు వాచీ ఎలా విప్పుతాడు? ఎవరి వాచీయో పాడుచేసి మాట పడేకంటే ముందే లేవడం మర్యాద."

మాట్లాడుతూనే, చక్రం నుంచి జారి బల్ల మీద పడిన ఆవగింజంత మరను రెండువేళ్లతో తీసి, దాని రంధ్రంలో నిలబెట్టి, గోటితో తిప్పి బిగించాడు. చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు. ఆమె చూసింది. ఆయన చూసుకోలేదు.

తర్వాత చొక్కా జేబులోంచి వాచీలవాళ్లు కంటికి పెట్టుకునే నల్లటి భూతద్దం తీసి ఆమె ముందు పెట్టాడు. "నీకు పనికొస్తుంది. ప్రొపెల్లర్ల మీద వెంట్రుకంత పగులున్నా పట్టేస్తుంది. నీ పని శుద్ధంగా ఉంటుంది తల్లీ, అందుకని నీకే."

ఆమె నోరు తెరిచింది. "టీ తాగి వెళ్లండి," అంది.

"సర్దుకోవాల్సినవి ఉన్నాయమ్మా," అని ఆయన వెళ్లిపోయాడు. మెట్టు దిగేటప్పుడు, అవసరం లేకపోయినా, గోడ పట్టుకుని దిగాడు.

రాత్రి నలుగురూ కంచాల ముందు కూర్చున్నాక ఆమె భూతద్దాన్నీ నోటుపుస్తకాన్నీ బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పింది. కూర గిన్నె ఎవరూ జరపలేదు.

"ఇప్పుడు చెప్తే మాత్రం ఆయన కొట్టు మళ్లీ తెరుస్తాడా?" అన్నాడు భర్త. "మీ యజమానికి తెలిస్తే బల్ల దగ్గర ఉంచుతాడా?"

"ఉంచకపోవచ్చు. ఆయన కొట్టు తెరుస్తాడో లేదో నాకు తెలీదు. రేపు బస్సు కదలకముందే వెళ్లి, ఈ పుస్తకం చూపించి, తప్పు నాదని చెప్తాను. అక్కణ్ణుంచి నేరుగా యజమాని దగ్గరికి." కాస్త ఆగి కూతురి వైపు తిరిగింది. "సబ్బు కూడా నేనే."

కూతురు కళ్లు పెద్దవి చేసి నాయనమ్మని చూసింది.

"సబ్బు సంగతి నాకు పొద్దున్నే తెలుసు. తడికాళ్ల అడుగులు నీ గదికే ఉన్నాయి," అంది అత్తగారు అన్నం కలుపుకుంటూ. "ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా. అయిదున్నరకి లేపుతాలే."

బల్ల మీద భూతద్దం బోర్లా పడి ఉంది. నలభై ఏళ్లు ఒకే కనుబొమ్మకి ఆని, దాని నల్లటి అంచు ఒకపక్క అరిగి తెల్లబడింది.