ఎముకలు ఏరే వేళకి

నేను ఒక సైకిల్ని. పుట్టింది చైనాలో, ఒక కార్ఖానాలో. ఓడెక్కి జపాన్ వచ్చాను. గిఫు దగ్గర చిన్న ఊళ్లో తోమియే అనే పెద్దావిడ నన్ను కొనుక్కుంది. కొన్నరోజే కొట్టువాడు ఆవిడ పేరున పోలీసు నంబరు చీటీ నా ఒంటికి అంటించాడు. ఇక్కడ ప్రతి సైకిలుకీ అది ఉండాల్సిందే. చీటీ పడ్డాక నీది ఏ దేశమని నన్నడిగినవాడు లేడు.

పదిహేనేళ్లు ఆవిడ ముల్లంగి దుంపల్నీ మనవడు షింగోనీ మోశాను. వాడి తల్లి ఈ ఊరి పిల్లే. తండ్రి ఘానా నుంచి వచ్చినవాడు. షింగో పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఒంటి రంగు మాత్రం తండ్రిది.

తోమియే పోయింది. ఇక్కడ దహనమయ్యాక అయినవాళ్లు చుట్టూ నిలబడి, చాప్‌స్టిక్‌లతో ఎముకలు ఏరి కుండలో పెడతారు. ఒక్కో ఎముకనీ ఇద్దరు కలిసి పట్టాలి. కుండ మూత పడితే మళ్లీ తియ్యరు. అందరూ బస్సులో దహనవాటికకి వెళ్లారు. ఇంటికొచ్చే కుండకి బల్ల సర్దడానికి షింగో ఇంట్లోనే ఆగాడు. ఆ పని అవుతుండగా తల్లి ఫోను.

"అమ్మమ్మ కళ్లద్దాలు మర్చిపోయాం రా. కుండలో పెట్టాలి. అరగంటలో ఏరడం మొదలు. నువ్వు లేకుండా ఎలా? తొందరగా రా."

నల్లకోటు తొడుక్కుని, కళ్లద్దాలు నా బుట్టలో పెట్టి తొక్కాడు. వంతెన దాటగానే ఒక కుర్ర పోలీసు చెయ్యడ్డం పెట్టాడు.

"సైకిలు మీదేనాండీ?"

"మా అమ్మమ్మది."

నంబరు రేడియోలో చదివాడు. సరిపోయింది. నా పని నిమిషంలో తేలింది. వాడిది తేలలేదు.

"ఒకుదా తోమియే గారు... మీ అమ్మమ్మా?" మొహంలోకి చూశాడు. "విదేశీయుల కార్డు చూపించండి."

"నాకుండదు. నేను జపాన్‌వాణ్ణి."

"మా భాష భలే మాట్లాడుతున్నారే!"

"ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు."

పోలీసు నవ్వలేదు. "మరి ఆడవాళ్ల కళ్లద్దాలు మీ దగ్గరెందుకు? ఆవిడకే ఫోన్ చేసి కనుక్కుంటాం."

"చెయ్యండి. ఎత్తితే నాకూ ఇవ్వండి."

ఆ మాటకి అర్థం పోలీసుకి ఎక్కలేదు, రేడియోలో ఇంకో పోలీసుని పిలిచాడు. షింగో జేబులో ఫోను మోగింది.

"చేతులు బయటే ఉంచండి."

ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. చివరికి వచ్చిన పెద్ద పోలీసు చూస్తూనే, "అరె, ఒకుదా గారి మనవడు కదూ!" అన్నాడు. ఇద్దరూ నడుం వంచి, "శ్రమ ఇచ్చాం" అన్నారు. మర్యాదకేం లోటు చెయ్యలేదు.

మేం చేరేసరికి తల్లి తెల్లగుడ్డ చుట్టిన కుండతో మెట్లు దిగుతోంది.

"వాళ్లని ఆగమన్నానురా. తర్వాతివాళ్ల వంతు వచ్చేసిందన్నారు. ఫోనెందుకు ఎత్తలేదు?"

"దారిలో ఆపారు."

"మళ్లీనా?" అంది. కుండని ఇంకో చేతికి మార్చుకుని, "బస్సెక్కు" అంది.

"సైకిలుంది కదమ్మా."

బస్సు మమ్మల్ని దాటిపోయింది. వాడు నన్నెక్కలేదు. పక్కన పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. ఇక తొందరేముంది.