లారీ డాలా మీద నీలం పిట్ట

లారీలకు చెక్క బాడీలు కట్టీ కట్టీ నడుం వంగిన వడ్రంగి, ఆ ఉదయం పనిగట్టుకుని లైబ్రరీ హాలుకి వెళ్లాడు. మూతపడిన ఫోటో స్టూడియోలో దొరికిన పాత లారీల ఫోటోలు అక్కడ గోడలకు తగిలించారని పక్కింటి డ్రైవరు చెప్పాడు మరి.

ఒక్కో ఫోటో దగ్గర కాళ్లు అతుక్కుపోయాయి. ముందు హ్యాండిల్ తిప్పితే గాని కదలని పొడుగు ముక్కు ఐసు లారీ. తొట్టెకి ఇత్తడి కొళాయిలున్న నీళ్ల లారీ. తలుపుకి అద్దం బదులు కాన్వాసు గుడ్డ వేలాడే కలప లారీ. "ఈ మూల చూడండి, ఒక్క మేకు లేదు! చెక్కలోకి చెక్క దిగ్గొట్టడమే," అని పక్కనున్న వాళ్లకి చూపించాడు. కళ్లు మూసుకుంటే నాన్న షెడ్డులో రంపంపొట్టు వాసన.

ఇటుకల లారీ దగ్గర ఆగిపోయాడు. వెనక తలుపులా దించే చెక్క డాలా మీద, తీగ బొమ్మ మధ్య ఒక పిట్ట. కింద చీటీ: 'చిత్రకారుడు: తెలియదు.'

"తెలియకపోవడమేంటి!"

హాలంతా ఇటు తిరిగింది. లైబ్రేరియనమ్మ పరుగున వచ్చింది.

"ఏమైంది పెద్దాయనా?"

"ఇది మా అక్క వేసిందమ్మా."

ఆడపిల్ల వేసిందంటే లారీల వాళ్లు ఎక్కడ పెదవి విరుస్తారోనని, ఆ బొమ్మలన్నీ తానే వేశానని నాన్న చెప్పేవాడు. రంగులు కలిపిచ్చిన తమ్ముడికి నిజం తెలుసు. నాన్న పోయాక "ఆ చెయ్యి నీకే వచ్చిందోయ్" అని ఎవరన్నా అంటే, అవి తానే వేసినట్టు తల ఊపేవాడు. అక్క పెళ్లయి రెండు వీధుల అవతల కుట్టు మిషన్ పెట్టుకుంది. మళ్లీ కుంచె పట్టలేదు.

"సాక్ష్యం ఏమైనా ఉందా?" అని అడిగింది లైబ్రేరియనమ్మ మెల్లగా.

"ఉండండి, నడిచొస్తుంది."

ఆటోలో అక్కని తీసుకొచ్చాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, నలుపూ తెలుపూ ఫోటోని చాలాసేపు చూసింది.

"నీలం పిట్ట. తోక దగ్గరికొచ్చేసరికి రంగు అయిపోయింది. వీడు గాభరాపడి మసి కలిపిచ్చాడు, అందుకే అక్కడంత నల్లగా ఉంది," అంది. లైబ్రేరియనమ్మ ఇచ్చిన కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా అదే పిట్టని గీసింది. ముక్కు వంపుతో సహా అదే.

వడ్రంగి ఆ కాగితాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. "నాన్న పోయాక నేను వేశానని చెప్పుకున్నానక్కా."

"తెలుసురా. ఊరంతా కోడై కూస్తే నా చెవిన పడదా?"

"కోపం రాలేదా?"

"రాకేం? రెండేళ్లు నీ గడప తొక్కలేదు. కుట్టుపని ఎక్కువగా ఉందన్నాను. నువ్వు నమ్మేశావు, పిచ్చి సన్నాసీ!"

అతను తల దించుకున్నాడు. అక్క అతని భుజం మీద చెయ్యి వేసి, "సరేలే, పద, మిగతావి చూద్దాం," అంది.

లైబ్రేరియనమ్మ కొత్త చీటీ మీద అక్క పేరు పెద్ద అక్షరాలతో రాస్తూండగా, అక్కాతమ్ముళ్లు ఒక్కో ఫోటో దాటారు. అక్కవి మరో రెండు దొరికాయి. చివరి వరసలో చేపల లారీ దగ్గర ఆవిడ మొహం చిట్లించింది.

"ఛీ, ఇది నాది కాదు! పిట్ట పొట్ట చూడు, గుమ్మడికాయలా. ఎవడు వేశాడో గాని!"

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు.

"నీ పెళ్లయిన వారానికి... నేనేనక్కా."

ఆవిడ కళ్లజోడు తీసి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"అమ్మాయ్! ఇక్కడ కూడా ఒక చీటీ రాయాలి, ఇలా రా!"