దీపాలవేళ దాటిన యప్పు

ఈ కథ చెప్పువాడు పుట్టి బుద్ధెఱిగినది మొదలు నువ్వుగింజయంత యబద్ధమైనను కథలో కలిపి యెఱుగడని గోదావరి యీవలి గట్టునను ఆవలి గట్టునను ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధిని కలిగించినవాడును అతడే యగుట వేఱు సంగతి. కావున చదువరులు తమ సందేహములను చెప్పులతోపాటు గుమ్మము వెలుపల విడిచి లోనికి రావచ్చును.

అది వైశాఖమాసము. నిన్నటి ప్రచండమార్తాండకిరణసంతాపము ఇంకను చల్లాఱని గోదావరీసైకతశ్రేణి వేకువనే వేడి యూర్పులు విడుచుచుండగా కడియపు పూలసంతయందు మల్లికలు రాసులై జాజులు గుట్టలై కనకాంబరములు కావికొండలై కొనువారి కేకలకును అమ్మువారి బొంకులకును నడుమ నిమిషనిమిషమునకు వాడుచు వెల తఱుగుచుండెను. పూవు పసిబిడ్డకంటె పెంకిది. రేపటివఱకు ఆగుమన్న ఆగదు. అందువలన ఆ సంతలో తాతలనాటి కట్టడి యొకటి చెల్లుచున్నది. ఆనాటి పూవుల పైకము ఆనాటి దీపాలవేళకు ముట్టవలెను. వత్తి వెలిగిన పిదప అప్పు మిగిలిన యింట మఱునాడు మొగ్గ విచ్చదని యచ్చటివారి నమ్మకము.

ఈ కట్టడిని వేదవాక్యముగా పాటించువారిలో నూకరత్నము మొదటిది. పెండ్లికూతుండ్రకు పూలజడలు అల్లుట యామె వృత్తి. భర్త గతించిన పిదప అతని యక్కయగు పల్లాలమ్మయే యామెకు తోడునీడ. ఏబది దాటిన నూకరత్నమునకు నడుమును అఱువది దాటిన పల్లాలమ్మకు మోకాళ్లును పోటీపడి నొచ్చుచుండును.

క్రిందటి వేసవిలో వీరిరువురు భాగ్యనగరమందలి పెండ్లికి జడ గొనిపోవుచు బెజవాడ స్టేషనులో బండి మాఱుటకై వేచియుండగా రావలసిన బండి జాప్యమై ప్లాటుఫారపు సెగకు మల్లెమొగ్గలు బుట్టలోనే గోధుమవన్నెకు తిరిగెను. పెండ్లివారు జడను త్రిప్పి పంపి “మఱియొకసారి యిట్లయిన నీ పేరు తలవము” అనిరి. ఆ నిరీక్షణలోనే యొక యద్దాల తలుపు నూకరత్నము కంటబడెను. దాని వెనుక శీతలయంత్రనిశ్వాసశీతలితమును మృదులాసనపరివృతమును అగు విశ్రాంతిమందిరము. ఏదో కార్డు చూపినవారికి ఆ తలుపు ఊరక తెఱచుకొనుచుండెను.

“అది క్రెడిట్ కార్డమ్మా. అందులోను పై తరగతిది” అని ద్వారపాలకుడు చెప్పెను.

పూవులకు చల్లదనము తమకు నడుము వాల్చు చోటు. ఇంతకంటె నామె మోక్షమును సయితము కోరియుండదు.

ఊరు చేరిన వెంటనే యామె వదినను వెంటబెట్టుకొని బ్యాంకున కేగెను. బుట్టలోని జాజుల వెంట వేనవేలు తేనెటీగలు లోనికి దండెత్తి కాషియరును బల్ల క్రిందికి తఱిమెననియు మేనేజరు పదవియందున్న యువతి తలపై ఫైలు కప్పుకొని మాటలాడెననియు వాడుక. చదువరులు వేనవేలను రెండుగా తగ్గించుకొనినను కథకు లోటు లేదు. నువ్వుగింజ మాట ఇక మఱచిపొండు.

“మునుపెన్నడైన అప్పు చేసితిరా యమ్మా?” అని మేనేజరు అడిగెను.

“శివశివా! మా యింటా వంటా లేదు” అని నూకరత్నము చెంపలు వేసికొనెను.

“అదియే చిక్కు. అప్పు చేసి తీర్చిన చరిత్ర లేనివారికి పై తరగతి కార్డు రాదు.”

పల్లాలమ్మ బుగ్గన చేయి చేర్చి “విన్నావటే మరదలా! ఏటిలో దిగనిదే యీత రాదట, ఈత వచ్చినగాని యేటిలో దిగనీయరట” అనెను.

మేనేజరు నవ్వి యుపాయము చెప్పెను. కొంత సొమ్ము డిపాజిట్టుగా నుంచినచో దాని పూచీపై చిన్న కార్డు నిత్తురు. దానిని క్రమముగా వాడి తీర్చుచుండిన పెద్దదానికి దారి యేర్పడును. నూకరత్నము గాజుల కొఱకు కూడబెట్టిన సొమ్ము నంతయు అందుంచి చిన్న కార్డు పుచ్చుకొనెను. ఆనాటినుండి జరీయు దారమును రైలు టిక్కెట్టును దానితోనే కొనెను. అయితే సంతకట్టడి రక్తమున నింకినది గదా! ఉదయము కొన్నదాని పైకమును సందెవేళకు ఫోనులో బ్యాంకునకు కట్టివేసిన పిదపనే యామె వత్తి వెలిగించెడిది.

కార్తికమున మరల బ్యాంకున కేగి పై తరగతి కార్డు అడుగగా మేనేజరు కంప్యూటరు వంక చూచి తల పట్టుకొనెను.

“అమ్మా, ప్రతినెలయు మీ బిల్లు సున్న. బిల్లు పుట్టకమునుపే దానికి పాడె కట్టుచున్నారు. మీరసలు కార్డు వాడుచున్నట్లే కనబడదు. బిల్లు రానిండు. వచ్చిన పిదప గడువు లోపల పూర్తిగా తీర్చుడు. బిల్లులో కనీసపు మొత్తము కట్టిన చాలునను మాట మాత్రము నమ్మకుడు.”

“అంతవఱకు అప్పు మా యింట పండుకొనవలెనా?”

“పండుకొననిండమ్మా. గుఱక పెట్టదు.”

ఆ సాయంకాలము నూకరత్నము ఆనాడు కొన్న జరీ పైకము కట్టకయే అగ్గిపెట్టె పట్టుకొని దీపపుసెమ్మె యెదుట కొయ్యబాఱి నిలిచెను. పల్లాలమ్మ గడపలో మోకాళ్లు ఒత్తుకొనుచు “వెలిగింపవే. అప్పు నీ మీద నున్నదిగాని దీపము మీద లేదుగదా” అనెను. ఆమె వెలిగించెను. తెల్లవాఱి పెరటిలోనికి పోయి మల్లెపొదను చూచెను. విచ్చవలసిన మొగ్గలన్నియు విచ్చియుండెను. అయినను ఆమెకు సంతోషము కలుగలేదు. ఇన్నేండ్లు ఎవరి భయమున సందెవేళల పరుగులెత్తినదో వారు లేనే లేరని తెలిసినవారి యలసట మాత్రము కలిగెను. ఆమె ఆ పొదకడనే చాలసేపు కూర్చుండెను.

నెలనెలయు బిల్లు వచ్చెను. నెలనెలయు ఆమె గడువునకు ముందే పూర్తిగా తీర్చెను. చైత్రము వెళ్లులోపల పై తరగతి కార్డు నిగనిగలాడుచు ఇల్లు చేరెను.

వైశాఖమున మొదట చెప్పిన ఆ వేకువ సంతలో కొన్న మొగ్గలతో అల్లిన జడను మూతబుట్టలో నుంచుకొని యిరువురును బెజవాడలో దిగిరి. మిట్టమధ్యాహ్నము. భాగ్యనగరపు బండి యథాప్రకారము జాప్యము. నూకరత్నము అద్దాల తలుపుకడకు పోయి కార్డు అందించెను. ద్వారపాలకుడు దానిని యంత్రమున గీచి తల పైకెత్తి “ఒక కార్డునకు ఒకరే యమ్మా” అనెను.

ఇరువురును ఒకరి మొగ మొకరు చూచికొనిరి.

“పొమ్ము” అని పల్లాలమ్మ బుట్ట నందించెను. “నేను ఈ సిమెంటు బల్లకు పాత చుట్టమను.”

“మోకాళ్లు నీవి. నీవే పద.”

“ఓసి పిచ్చిదానా, గాజులు నీవే! ఏడాది తిప్పలు నీవే!”

“అందుకే నా మాట చెల్లవలెను వదినా. పూలు వాడుచున్నవి, నడువుము.”

ద్వారపాలకుడు కార్డుపైనున్న నూకరత్నము పేరును చూచెను. ముసలమ్మ మోకాళ్లను చూచెను. పిదప కప్పు వంక చూచుచు “ఎవరిని లోనికి పంపితినో నాకు గుర్తుండదులెండి” అనెను.

పల్లాలమ్మ లోనికి పోయి మెత్తని కుర్చీలో ఒఱగి బుట్ట మూత కొంచెమెత్తి చూచి మొగ్గలు తెల్లగా నున్నవని అద్దములోనుండి సైగ చేసెను. సైగ ముగియకమునుపే నిద్రపోయెను. నూకరత్నము ఆ యద్దమునకే వీపు ఆనించి వెలుపల నేలపై కూలబడెను. వచ్చుపోవువారికై తలుపు తెఱచుకొనినప్పుడెల్ల సన్నని చల్లగాలి యొకటి వచ్చి యామె మెడపై చెమటను తాకి పోవుచుండెను. బండి వచ్చువఱకు ఆమె కన్నులు మూసికొని ఆ గాలికొఱకు కనిపెట్టుకొని యుండెను. అలసినవారికి లోకము ఒక కుర్చీయే వేయును. దానిలో ఎవరు కూర్చుండవలెనో నిర్ణయించు దొరతనము మాత్రము వారికే విడుచును.

జడ వాడలేదు. పెండ్లివారు మెచ్చిరి. ఇదంతయు సత్యము. ఆ చల్లగాలి మాత్రము ఈ కథ చెప్పువాని కల్పన. ఆ మధ్యాహ్నము మఱెవరును రాలేదు; పల్లాలమ్మ లోనికి పోయిన పిదప తలుపు తెఱచుకొననే లేదు. ఆమెను అట్లే ఆ సెగలో కూర్చుండబెట్టి లేచిపోవుటకు అతనికి మనసొప్పలేదు.