ఫెర్రం, పూటకు నాలుగు

నాలుక మీద తీపి.

చిన్న తెల్ల మాత్రలు... నాలుగు. అవి కరిగిపోతాయి. తీపి మాత్రం కాసేపు ఉంటుంది.

సీసా మీద నాన్న గుండ్రటి అక్షరాలు — ఫెర్రం.

నాన్న పేరు సదాశివరావు. ఢిల్లీ ఆర్కే పురంలో రెండో అంతస్తు ప్రభుత్వ క్వార్టరు మాది. పగలంతా ఆయనకు ఆఫీసు ఫైళ్లు, సాయంత్రమైతే హోమియో పెట్టె. డాక్టరు కాదు. పుస్తకాలు చదివి నేర్చుకున్న వైద్యం. మెట్ల మీద ఎవరు తుమ్మినా వదిలిపెట్టేవాడు కాదు.

"లాటిన్‌లో ఫెర్రం అంటే ఇనుము, వాసూ తల్లీ! కత్తినీ అదే అంటారు. నాగటి కర్రునీ అదే, కత్తెరనీ అదే... సంకెళ్లనీ అదే. ఎంత బలమైన మాటో చూడు!"

అంత బలమైన మాటని అమ్మ చప్పరించేది. పూటకు నాలుగు.

అమ్మ పాలిపోయింది. దీపావళికి పెదవులు. డిసెంబరుకి గోళ్లు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఎదురుగా ఉన్న బూరుగు చెట్టు వైపు చూసేది.

"మొగ్గలొచ్చాయేమోనని చూస్తున్నానే."

చెట్టుకి ఆకులే లేవు.

రక్తపరీక్ష చేయిద్దామన్నాను.

"మీ నాన్న చిన్నబుచ్చుకుంటారే. తగ్గుతోందని చెప్పేశాను."

"నిజంగా తగ్గుతోందా?"

"ఆయన మొహం చూడు, ఎంత సంతోషమో!"

కింద నా నోయిడా ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టింది. నేను దిగిపోయాను. ఆ ఒక్క హారన్‌కి దిగిపోయాను... నన్ను నేను క్షమించుకోలేను.

జనవరిలో అమ్మ ఆ మెట్ల మీదే కూలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మ కింది రెప్ప లాగి చూసింది. "ఇత్నీ దేర్ క్యోం కీ?" ఇంత ఆలస్యం ఎందుకు చేశారని. కడుపులో పుండు, నెలల తరబడి లోపలే రక్తం పోయిందట. నాన్న చేయి చొక్కా జేబులోని సీసా మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

మూడో రోజు అమ్మ లేదు.

ఇప్పుడు బూరుగు పూసింది. మెట్ల మీద, కార్ల మీద, రోడ్డంతా... ఎరుపు. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో ఇంత ఎరుపు! ఆ చెట్టంటే నాకు ఒళ్లు మంట.

నాన్న పెట్టె తెరవడం మానేశాడు. రోజూ ఒకటే అడుగుతాడు.

"తగ్గుతోందనే అంది కదమ్మా? నిజంగానే అంది కదా?"

నిజం నా దగ్గరుంది. చెబితే అది కత్తి. ఆయన తట్టుకోలేడు. చెప్పకపోతే... సంకెళ్లు నాకు.

ఈ సాయంత్రం నాకు ఒళ్లు వెచ్చబడింది. నాన్న నా నుదుటి మీద చేయి వేసి చూశాడు. లోపలికి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

సీసా మూతలో నాలుగు మాత్రలు. వేసుకోమని అనలేదు. అలా నిలబడ్డాడు.

నేను నోరు తెరిచాను.

కాసేపయ్యాక గుమ్మం దగ్గర నుంచి అడిగాడు, భయంభయంగా.

"ఎలా ఉందమ్మా?"

"తగ్గుతోంది నాన్నా."

నాలుక మీద తీపి...

ఇనుము ఎక్కడా తగల్లేదు.