మసి పడని మిషను

మా అత్తయ్యకు ఒక జబ్బుంది. పరాయి వాళ్ల వస్తువు ఏదైనా గడప దాటి లోపలికి వచ్చిందంటే, అది క్షేమంగా తిరిగి వెళ్లేదాకా ఆవిడ కంటి మీద కునుకుండదు. అది చొక్కా కావచ్చు, కిటికీ తెర కావచ్చు, పక్కింటి వాళ్లు అరువిచ్చిన గరిటె కావచ్చు. తుడుస్తుంది, సర్దుతుంది, మీద తెల్ల దుప్పటి కప్పుతుంది. ఇస్త్రీ ఇంటికి కోడలిగా వచ్చి ఆ ఇంట్లోనే ముసలిదైన మనిషి. ఆవిడని అనడానికేముంది?

మాది బొగ్గుల ఇస్త్రీపెట్టె. ముందు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద మడతలేసిన పాత రగ్గు, పక్కన కుంపటి. వీధిలో పెట్టుకుని చేద్దామంటే దుమ్ము, వాన. అందుకని తలుపు సగం మూసుకుని పనంతా లోపలే. కుంపటి విసిరినప్పుడల్లా నల్లటి నలుసులు లేచి గదంతా తిరుగుతాయి. అవి ఎవరి తెల్లచొక్కా మీదో వాలాయంటే ఇక అంతే సంగతులు, ఆ గిరాకీ మళ్లీ మన గుమ్మం తొక్కదు. అందుకే ఇస్త్రీ అయిన బట్టను అయినట్టే గోడవారన దొంతిగా పేర్చి, గంజి పెట్టిన దుప్పటి రెండు మడతలు వేసి కప్పేస్తాం. ఇచ్చేటప్పుడు దుప్పటి తీసి, పైపైన ఓసారి దులిపి, అప్పుడు చేతికిస్తాం. మా వీధిలో సగం ఇళ్లు ఇస్త్రీ ఇళ్లే, అందరిదీ ఇదే పద్ధతి. కాకపోతే మా అత్తయ్య దుప్పటి తెల్లదనం గురించి వీధంతా చెప్పుకుంటారు.

బట్టల సంగతి సరే. మనుషుల లోపలికి పోయే నలుసుల గురించి మాకు మొదట చెప్పింది మా ఆయన దగ్గు. పెళ్లయిన కొత్తలో అది పొడి దగ్గు. తర్వాత తర్వాత పొద్దున్నే మమ్మల్ని నిద్ర లేపే దగ్గు అయింది. "గడియారం కొనే ఖర్చు తప్పించాను, నన్ను మెచ్చుకో" అనేవాడు ఆయన. మనిషికి వేళాకోళం ఎక్కువ. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఈ బొగ్గు పొగ మానేశావంటే ఈ ఊపిరితిత్తులతోనే ముసలివాడివవుతావు. మానకపోతే నేను మందులు రాస్తూనే ఉంటాను, నువ్వు మింగుతూనే ఉంటావు. ఎన్నాళ్లో నేను చెప్పలేను" అన్నాడు.

కరెంటు పెట్టె కొనుక్కోవచ్చు కదా అని మీరనొచ్చు. అందరూ అంటారు. కొనడం కాదు కష్టం, దాన్ని రోజంతా మేపడం కష్టం. ఇంట్లో దీపానికి ఒక రేటు, అదే ఇంట్లో పని చేసుకుంటే వ్యాపారం రేటు. ఎదురింటి బాబాయి ఒకసారి సరదాపడి కొన్నాడు. మొదటి బిల్లు చూసి కళ్లు తిరిగి, పెట్టెను అటకెక్కించి మళ్లీ బొగ్గుల దగ్గరికే వచ్చాడు.

ఇలా ఉండగా ఒకరోజు మా ఆయన, ఇస్త్రీ బట్టలు చుట్టి ఇవ్వడానికి తెచ్చిన పాత పేపర్లలో ఒక వార్త పట్టుకున్నాడు. ఇళ్లలో పనిచేసుకునే వాళ్లు పీల్చే గాలి, లారీలు తిరిగే రోడ్డు మీది గాలి కంటే అధ్వాన్నంగా ఉందని ఎవరో పరిశోధన చేసి తేల్చారట. పొగ ఎక్కువున్న వీధులకు కరెంటు పెట్టెలు ఉచితంగా ఇచ్చి, బిల్లు కూడా సగం చేస్తారట. ముందు వీధికొక ఇంట్లో మిషను పెట్టి గాలి కొలుస్తారట. ఆ పేపరు ముక్కను ఆయన దేనికీ చుట్టనివ్వలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చదివి వినిపించాడు. "పొగలో మనల్ని మించినవాళ్లెవరున్నారు? పోటీ పెడితే కప్పు మనదే" అని నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు.

మిషను మా ఇంటికే వచ్చింది. వీధికి సరిగ్గా నడిమధ్యన ఉంది కదా అని మమ్మల్ని ఎంచారు. తెచ్చింది ఒక చిన్నపిల్ల, కాలేజీ చదువు అప్పుడే అయినట్టుంది. మేం ఆమెకు మిషనమ్మాయి అని పేరు పెట్టేశాం. మిషను అంటే ఏమో అనుకున్నాను గానీ, తెల్లటి చిన్న డబ్బా. పక్కన సన్నటి చిల్లులు, పైన పచ్చగా వెలిగే చిన్న దీపం. బల్లకు ఎదురుగా గూట్లో పెట్టింది.

"అక్కా, మీరు రోజూ ఎలా చేసుకుంటారో అలాగే చేసుకోండి. దీన్ని కదపొద్దు, మీటలవీ నొక్కొద్దు. కాస్త జాగ్రత్తగా చూసుకోండి. చాలా ఖరీదైంది, పాడైతే ఇంకోటి తెప్పించడం కష్టం" అని చెప్పి, వారం తర్వాత వస్తానని వెళ్లింది.

ఆ మాటల్లో మా అత్తయ్య చెవిన పడ్డవి రెండే. జాగ్రత్త, ఖరీదు. మిషనమ్మాయి అటు మలుపు తిరిగిందో లేదో, ఇటు దుప్పటి వచ్చేసింది. ఉన్నవాటిలోకెల్లా తెల్లది, గంజి బాగా పట్టింది. రెండు మడతలు వేసి, డబ్బాను కదపకుండా, మీటలు తాకకుండా, నాలుగు వైపులా కిందికంటా కప్పి, అంచులు లోపలికి దోపింది.

"నన్నెప్పుడైనా ఇంత మురిపెంగా చూశావా అమ్మా?" అన్నాడు మా ఆయన కుంపటి విసురుతూ.

"నువ్వు మనింటివాడివే కదరా. అది పరాయి వాళ్లది. మసి పడితే ఆ పిల్లకి ఏం మొహం చూపిస్తాం?" అంది ఆవిడ.

మేమిద్దరం నవ్వుకున్నాం. అంతకు మించి మా ఇద్దరికీ ఏమీ తోచలేదు. మా ఇంట్లో ఒక వస్తువు మీద దుప్పటి ఉందంటే అది విశేషం కాదు, లేకపోతేనే విశేషం. ఆ వారమంతా ఆయన ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. మిషను చూస్తోంది కదా అని రోజూ పోసేదానికంటే రెండు గుప్పిళ్లు ఎక్కువే బొగ్గు పోశాడు. గదంతా పొగ కమ్ముకుంటే, "రాసుకోవే తల్లీ, బాగా రాసుకో" అని గూటి వైపు తిరిగి చెప్పేవాడు.

మిషనమ్మాయి వచ్చే రోజున అత్తయ్య పొద్దున్నే దుప్పటి తీసేసి, డబ్బాను పొడిగుడ్డతో తుడిచి, బట్టలు అప్పగించినట్టే అప్పగించింది. ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "అమ్మమ్మా, మిగతా వీధుల ఇళ్లల్లో మిషన్లు నల్లగా మసిగొట్టుకుపోయాయి. మీది చూడండి, కొత్తదానిలా ఉంది!" అని మెచ్చుకుంది. మా అత్తయ్య మొహం చూడాలి అప్పుడు. ఆ మాట వీధంతా తిరిగి చెప్పుకొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద నాకు పట్టరాని కోపం వస్తుంది. బొగ్గు కాలే ఇంట్లో అది అంత తెల్లగా ఎలా ఉందమ్మా అని ఒక్క ముక్క అడగొద్దూ? అడగలేదు. మేం చెప్పలేదు. దాచామని కాదు, చెప్పాల్సిన సంగతి అని తెలియదు.

తర్వాత కరెంటు పెట్టెల పథకం వచ్చే వీధుల పేర్లు ప్రకటించారు. వెనక వీధికి వచ్చింది, పక్క వీధికి వచ్చింది. మాకు రాలేదు. మా ఆయన ఆఫీసుకు వెళ్లి అడిగితే, "మీ వీధిలో గాలి శుభ్రంగా ఉందయ్యా. సంతోషించాల్సింది పోయి గొడవపడతావేంటి?" అన్నారట. మళ్లీ కొలిచేది వచ్చే ఏడాదేనట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వాడు గానీ, ఆ నవ్వులో సత్తువ లేదు. ఎదురింటి బాబాయి గుమ్మంలోంచే అరిచాడు: "ఏరా, మీ ఇంట్లో గాలి అంత బాగుందంట కదా, మా ఇంటిక్కూడా ఓ బుట్టెడు పంపరా!" అందరం నవ్వాం. మిషన్ది తప్పనుకున్నాం, ఆఫీసు వాళ్ల మాయ అనుకున్నాం, మా నుదుటిరాత అనుకున్నాం.

ఏడాది దాకా ఆయన ఆగలేదు. చలి మొదలయ్యేసరికి నాలుగు చొక్కాలకు ఒకసారి కూర్చోవాల్సి వచ్చేది. తర్వాత పెట్టె ఎత్తలేకపోయాడు. తర్వాత ఆసుపత్రి.

అక్కడ ఒక మధ్యాహ్నం, ఆయా ఒకామె మందుల పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి వెళ్లింది. ఆయన దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. చూసి చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, మనిషి నీలంగా మారి, మళ్లీ కుదుటపడేసరికి నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమోయ్, ఆ మిషను మీద అమ్మ దుప్పటి కప్పింది కదూ" అన్నాడు.

"కప్పింది" అన్నాను. అన్నాక అర్థమైంది. మంచం పట్టె మీద కూలబడ్డాను.

"పాపం, అది గంజి వాసన తప్ప ఏం పీల్చి ఉంటుంది చెప్పు" అన్నాడు. అప్పటికీ వేళాకోళమే. కాసేపు ఊపిరి కూడదీసుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు. "మళ్లీ పెట్టమని ఆ పిల్లకి చెప్పు. మిగతావాళ్లన్నా బాగుపడతారు. అమ్మకి మాత్రం తెలియనివ్వకు. తట్టుకోలేదు."

"మీకు కోపం రావట్లేదా?" అని అడిగాను. నాకు వస్తోంది మరి. ఎవరి మీదో తెలియని కోపం, పళ్లు పటపటా కొరుక్కునేంత కోపం.

"ఎవరి మీద రావాలి? వస్తువును బాగా చూసుకుందని అమ్మ మీదా?" అన్నాడు.

ఆ వారంలోనే పోయాడు. ఆ రోజు గురించి నేను రాయలేను.

కొన్నాళ్లకు బల్ల దగ్గర నేను నిలబడ్డాను, నిలబడక చేసేదేముంది. కుంపటి విసరడం అత్తయ్య వంతు. కొడుకు పోయాక ఆవిడ మాట సగం తగ్గింది, దుప్పటి కప్పడం మాత్రం తగ్గలేదు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు చూసి మిషనమ్మాయికి ఫోన్ చేశాను. మా వీధిలో మళ్లీ కొలవండి, ఈసారి ఎదురింట్లో పెట్టండి అన్నాను. ఎందుకని అడిగితే, వచ్చాక చెబుతానన్నాను.

వచ్చింది. వస్తూనే బల్ల దగ్గర నన్ను చూసి, "అన్న ఏరక్కా?" అంది. చెప్పాను. ఆ పిల్ల చేతిలో సంచి కింద పెట్టేసింది. అత్తయ్యను అప్పటికే, కావాలనే, దూరపు ఇంటికి బట్టలిచ్చి పంపాను. ఆవిడ వచ్చేలోగా చెప్పేయాలి.

"మళ్లీ కొలవాలంటే మా సారు కారణం రాసివ్వమంటున్నారక్కా. మీ ఇంటి లెక్క చూసి ఆయనకీ అనుమానంగానే ఉందట, పార్కులో గాలిలా ఉందని. ఆ వారం పని ఆపేశారా?"

"ఆపలేదు. చెబుతాను, కానీ మా అత్తయ్యకి తెలియకూడదు. ఆ మిషను మీద..."

"ఎవరూ? మిషనమ్మాయా?" వెనక నుంచి అత్తయ్య గొంతు. ఆ ఇంటికి తాళం వేసి ఉందట, మూటతో తిరిగి వచ్చేసింది. ఆ పిల్లను చూసి, కొడుకు పోయాక మొదటిసారి ఆవిడ మొహం విప్పారింది. "బాగున్నావా తల్లీ? మళ్లీ మిషను తెచ్చావా? మా ఇంట్లోనే పెట్టు. మాకంటే బాగా ఎవరు చూస్తారు?"

నేను కళ్లతో సైగ చేశాను. ఆ పిల్ల చూడలేదు, లేదా అర్థం కాలేదు. "పోయినసారి ఎలా ఉంచారు అమ్మమ్మా?" అని అడిగేసింది.

"ఇదిగో, ఈ గూట్లోనే. నువ్వు చెప్పినట్టే, కదిపితే ఒట్టు. మంచి దుప్పటి రెండు మడతలు వేసి కప్పాను. నువ్వు వచ్చే పూట తీశాను. వీళ్లేమో గదినిండా పొగ పెట్టారు, అయినా దాని మీద ఒక్క నలుసు పడితే అడుగు. గంజి పట్టిన దుప్పటమ్మా అది. నలుసేంటి, పొగ కూడా..."

ఆగిపోయింది. మిషనమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను కుంపటి వైపు తిరిగి, ఎందుకో తెలియకుండానే బొగ్గులు కెలకడం మొదలుపెట్టాను.

"పొగ కూడా దూరదు" అంది అత్తయ్య నెమ్మదిగా. ఈసారి ఆ పిల్లతో కాదు, తనతో తనే అంది.

మూట చేతిలోంచి జారింది. ఇస్త్రీ చేసిన బట్టలు నేల మీద పడ్డాయి. ఆవిడ తీయలేదు. గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది.

"మీ తప్పు కాదు అమ్మమ్మా, కప్పకూడదని నేను చెప్పలేదు, నేనే చెప్పాల్సింది" అని ఆ పిల్ల పక్కన కూర్చుని ఏడ్చింది. అత్తయ్యకు ఆ మాటలు వినపడుతున్నట్టు లేదు. నా వైపే చూస్తోంది.

"వాడికి తెలుసా?"

"తెలీదు అత్తయ్యా" అన్నాను.

"చివరిదాకా తెలీదా?"

"తెలీదు."

నా మొహం కాసేపు చూసింది. నమ్మింది. "పోన్లే" అంది. చాలాసేపటికి మళ్లీ, "పోన్లే. తెలిసుంటే నన్ను ఎంత తిట్టుకునేవాడో" అంది.

ఆయన తిట్టుకోలేదు. తెలిసి కూడా తిట్టుకోలేదు. ఆవిడకు ఇక ఈ లోకంలో కావాల్సింది ఆ ఒక్క మాటే, దాన్ని నేను ఏనాటికీ ఆవిడకు చెప్పలేను.