నిమాయ్ ఇంట్లో మిరపకాయలు వేగాయి

మా సుందరబన్ పిల్లలకు చదవడం వచ్చు, చదివింది బుర్రకెక్కించుకోవడమే రాదు. పుస్తకంలో బాదల్ అనే పిల్లాడు గొడుగు ముడిచి తడికాళ్ళతో ఇంట్లోకి వచ్చాడని ఉంటుంది. బయట వాన పడుతోందా అని అడిగితే, "అలా రాయలేదు కదా మాస్టారూ" అంటారు. రాయనిది కూడా చదవాలర్రా అని నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి.

చివరికి ఒక ఆట పెట్టాను. పొద్దున ఇంట్లో చూసిన ఆనవాళ్ళు మాత్రమే రాయాలి, అసలు సంగతి రాయకూడదు. మిగతావాళ్ళు దాన్ని పట్టుకోవాలి. ఒక్క ఆనవాలు చూసి ఎగిరి గంతెయ్యకూడదు, దానికి ఇంకోటి తోడుండాలి.

ఆ చైత్రమాసపు ఉదయం నిమాయ్ వంతు వచ్చింది. వాడు ఉత్త వాగుడుకాయ. ఆ రోజు మాత్రం తలెత్తకుండా చదివాడు.

"అమ్మ సబ్బుతో స్నానం చేసింది. తలకు నూనె రాసుకుంది. పాపిట్లో సిందూరం పెట్టుకుంది. ఎండుమిరపకాయలు వేయించింది, ఇల్లంతా ఒకటే దగ్గులు."

"వాళ్ళ నాన్న అడవి నుంచి వచ్చేశాడు!" అని తరగతి మొత్తం అరిచింది.

మగవాడు తేనెకని అడవిలోకి వెళితే, తిరిగొచ్చేదాకా మా ఆడవాళ్ళు సబ్బు ముట్టరు, నూనె రాసుకోరు, సిందూరం పెట్టుకోరు, మిరపకాయ వేయించరు. మొగుడు బతికుండగానే, అతను బతకాలనే, వితంతువుల్లా ఉంటారు. ఆ సంగతి తెలియని పిల్ల మా ఊళ్ళో లేదు.

నా ఆనందం పట్టతరం కాలేదు. "శభాష్! ఇన్నాళ్ళకి మీ బుర్రలు కదిలాయర్రా! ఒరే నిమాయ్, మాస్టారికి ఓ గిన్నెడు తేనె లేదట్రా?" అన్నాను. వాడు నవ్వలేదు.

వెనక వరసలోంచి కాజరి లేచింది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు.

"మాస్టారూ, మా నాన్న కూడా వాళ్ళ పడవలోనే వెళ్ళాడు. మా అమ్మ ఇంకా తలకి నూనె రాసుకోలేదు."

"వెనకాల ఇంకో పడవలో వస్తున్నాడేమోలే తల్లీ" అన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

"అదొక్కటే అయితే నేనూ అలాగే అనుకుందును. పొద్దున దారిలో నిమాయ్ వాళ్ళమ్మ నన్ను చూసి కొంగు నుదుటి మీదికి లాక్కుంది. మా పెద్దనాన్న గుమ్మందాకా వచ్చి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఎందుకో అప్పుడు నాకర్థం కాలేదు." నిమాయ్ వైపు తిరిగింది. "మా నాన్నేడిరా?"

వాడు బావురుమన్నాడు. "పెద్దవాళ్ళు చెప్పేదాకా నోరు విప్పితే చంపేస్తానన్నాడు మా నాన్న. నేను చెప్పలేదు మాస్టారూ! మీరు రాయమన్నారని మా ఇంటి సంగతే రాశాను!"

"మామ పట్టుకుపోయాడా?" అంది కాజరి. పులిని ఇక్కడ ఎవరూ పేరుపెట్టి పిలవరు, మామ అనే అంటారు. వాడు తలూపాడు.

ఆ పిల్ల తండ్రి చావును, నలభైమంది ముందు, ఆటలో భాగంగా దాని చేతే చదివించాను. చదివినందుకు శభాష్ కూడా అన్నాను.

కాజరి ఏడవలేదు. "వాళ్ళెవరో వచ్చి చెప్పేటప్పుడు అమ్మ ఒక్కతీ ఉండకూడదు" అని సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. నేనూ వెనకాలే పరుగెత్తాను, చెప్పులు బడి గుమ్మంలోనే ఉండిపోయాయి.

వాళ్ళమ్మ ముంగిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. బడి వేళప్పుడు గట్టు మీద వస్తున్న కూతుర్నీ, వెనక ఒట్టికాళ్ళతో రొప్పుతున్న నన్నూ చూసింది. వల చేతిలోంచి జారిపోయింది.

నేను నోరు తెరిచేలోగా చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకండి మాస్టారూ. మీరు చెప్పకపోతే ఆయనింకా అడవిలోనే ఉన్నట్టు. నూనె లేని తల నాకలవాటే, ఇలాగే ఉండిపోతాను."